పొట్టిమంచం నర్సమ్మ

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. కొండ మీద ఎవరినైనా ఆ పేరు పెట్టి అడిగి చూడండి, అలాంటి మనిషి ఇక్కడ లేదంటారు. అదే "పొట్టిమంచం నర్సమ్మ" అనండి, చంకలో పిల్లతో ఎవరో ఒకావిడ ముందు తనివితీరా నవ్వుకుని, ఆ తర్వాత దారి చూపిస్తుంది. అలాగని నర్సమ్మ పొట్టిది కాదు. తలుపులోంచి రావాలంటే కాస్త వంగి, మరికాస్త పక్కకు తిరిగి రావాలి. నవ్విందంటే మందుల గదిలో సీసాలు గలగలమంటాయి. పొట్టిది మంచమే. అదీ పుట్టుకతో పొట్టిది కాదు.

ముప్పై మూడో ఏట, దర్జీ పని చేసే మొగుణ్ణి, ఆయన కుట్టుమిషన్ని వెంటబెట్టుకుని ఆవిడ ఆ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కేంద్రమంటే మూడు గదులు. ముందు గదిలో బల్ల, తూనిక, గోడకు పిల్లల ఎత్తు కొలిచే గీతలు. రెండోది మందుల గది. మూడోది కాన్పుల గది. అందులో నున్నటి సిమెంటు నేల, మూలన నీళ్ళు పోయే తూము, కిటికీకి పచ్చ తెర, మధ్యలో రాజుగారి ఏనుగులా ఒక ఇనప మంచం. నర్సమ్మ దాన్ని రోజూ తుడిచేది, దుప్పటి మార్చేది, దిండు సర్దేది. మూడేళ్ళయినా ఆ దిండు మీద తల పెట్టిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

పైన కొండల్లో ఆరు ఊళ్ళున్నాయి. అక్కడివాళ్ళ భాష వేరు, కింద పట్నానికి వస్తే వాళ్ళను ఎవరూ పట్టించుకోరు. అందుకే నర్సమ్మ పట్టుబట్టి ఆ భాష నేర్చుకుంది. నేర్చుకుందని ఆవిడే అనుకుంది, వేరే ఎవరూ అనలేదు. ఆవిడ నోరు విప్పితే చాలు, ఆడవాళ్ళు చేస్తున్న పనులాపి చుట్టూ చేరేవారు. కడుపు చూపించుకోవడానికి కాదు, కడుపుబ్బ నవ్వుకోవడానికి. నవ్వితే నవ్వారు, చేరారు కదా అనేది ఆవిడ లెక్క. నవ్వుతున్న మనిషి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసేది, నవ్వు ఆగేలోపు మాత్రలు చేతిలో పెట్టేది. తూనిక ఎక్కారు, టీకాలు వేయించుకున్నారు, పిల్లలకు దర్జీగారు గుడ్డముక్కలతో కుట్టిన టోపీలు పట్టుకెళ్ళారు. కాన్పుకు మాత్రం రమ్మంటే తల అడ్డంగా ఊపేవారు. ఎందుకని అడిగితే మాట మార్చేవారు.

ఆ వానాకాలం పై ఊళ్ళో మంత్రసాని అవ్వ పెద్ద మనవరాలు ఇంట్లోనే కన్నది. బిడ్డ బాగానే పుట్టింది. తల్లికి రక్తం ఆగలేదు. నలుగురు మగవాళ్ళు ఆ పిల్లను కర్రకు కట్టిన దుప్పట్లో వేసుకుని కిందికి పరుగెత్తారు. కబురందిన నర్సమ్మ, రక్తం ఆగే సూదిమందు, మందులు చల్లగా ఉంచే చల్లపెట్టెలో పెట్టుకుని పైకి పరుగెత్తింది. వాగు మలుపులో ఎదురుపడేసరికి అంతా అయిపోయింది. పది నిమిషాలు ముందైతే సరిపోయేది. ఆ రోజు ఆవిడ వాగు ఒడ్డున కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది, ఏడుస్తూనే, తల్లితోపాటు దుప్పట్లో వచ్చిన పసిగుడ్డును తన ఒళ్ళోంచి దించలేదు.

నెల తిరగకుండా కింది నుంచి కాగితం వచ్చింది. వచ్చే తనిఖీ నాటికి ఒక్క కాన్పయినా జరగకపోతే కాన్పుల గదికి తాళం వేయాలి, నర్సును పట్నం మార్చాలి. నర్సుతో పాటు చల్లపెట్టే పోతుంది, అందులోని సూదీ పోతుంది. అప్పుడు ఎవరికైనా రక్తం ఆగకపోతే వాగు మలుపు దాకా పరుగెత్తుకొచ్చే మనిషి కూడా ఉండదు. కాగితం చదివి నర్సమ్మకు ఒళ్ళు మండింది. మండిన ఒంటితోనే కొండెక్కింది. దారిలో జలగలను తిట్టింది, రాళ్ళను తిట్టింది, ఆయాసపడుతూ తన ఒంటిని తానే తిట్టుకుంది.

అవ్వ గడపలో కూర్చుని, దుంపలు తవ్వే తవ్వుకోల పదును పెడుతోంది. చిన్న మనవరాలు ఏడో నెల కడుపుతో పక్కనే కూర్చుని, చచ్చిపోయిన అక్క బిడ్డను ఆడిస్తోంది. అవ్వకు సంతల్లో తిరిగిన అలవాటు కొద్దీ కిందివాళ్ళ భాష బాగానే వచ్చు.

"అవ్వా, ఒక్క మాట అడుగుతాను. కోప్పడవు కదా?" అంది నర్సమ్మ.

"కోపం వస్తే కోప్పడతాను. అడుగు."

"మా గదికి ఎందుకు రారు మీరు?"

అవ్వ తవ్వుకోల పక్కన పెట్టింది. "నీ మంచం ఎంత ఎత్తుందో ఎప్పుడైనా చూశావా? దాని మీదికి మేకైనా ఆలోచించి ఎక్కుతుంది. కనే మనిషికి కాళ్ళు నేల మీదుండాలి, చేతికి తాడుండాలి, వీపుకు మనిషుండాలి. నువ్వేమో అంత ఎత్తున వెల్లకిలా పడేసి, మమ్మల్ని బయటికి తోలి తలుపేసుకుంటానంటావు. నేల అందని చోట ఎట్లా కంటారే?"

మూడేళ్ళుగా తెలియకపోవడం కాదు, మూడేళ్ళుగా అడగకపోవడం నర్సమ్మకు సిగ్గనిపించింది.

"తాడు కడతాను. నువ్వు లోపలే ఉండు, తలుపు నీ ఇష్టం. మంచం కూడా దించుతాను, సరేనా?"

"ఎంత దించుతావు?"

"ఎంత దించమంటే అంత."

అవ్వ తన కాళ్ళ వంక చూసుకుంది. నిలబడితే ఆవిడ నర్సమ్మ మోచేతి దగ్గరికి వస్తుంది. "నేను కూర్చుంటే నా పాదాలు నేలకు ఆనాలి. అప్పుడు దీన్ని తీసుకొచ్చే సంగతి ఆలోచిస్తా. మాటివ్వడం లేదు, ఆలోచిస్తానంటున్నా."

నర్సమ్మకు అదే చాలు. కొండ దిగేటప్పుడు జలగలకు కూడా మంచి మాటలే చెప్పింది.

కేంద్రానికి ఒక జీపు, దానికొక డ్రైవరు ఉన్నారు. జీపుకు హారన్ పనిచెయ్యదు. మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరే తల బయట పెట్టి "పేం పేం" అని అరుస్తాడు. అందుకని అతన్ని అందరూ హారన్ అనే పిలుస్తారు. ఇనుము కోసే రంపం ఉన్నది అతని దగ్గరే. విషయం చెప్పగానే హారన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, అది ప్రభుత్వ మంచం!"

"ప్రభుత్వం దాని మీద కంటుందా? కొయ్యి తమ్ముడూ."

అనుకున్న రోజు పొద్దున్నే అవ్వ దిగి వచ్చింది. హారన్ కంటికి ఆనిన అంచనాతో నాలుగు కాళ్ళూ ఆరేసి అంగుళాలు కోశాడు. దించి చూస్తే మంచం కుంటుతోంది. అవ్వ ఎక్కి కూర్చుంటే పాదాలు గాల్లో ఊగుతున్నాయి. ఆవిడకు ఆ ఊగడం భలే నచ్చింది, కావాలని ఇంకా ఊపింది. ఎడమ కాలు పొడుగైందని హారన్ దాన్ని కోశాడు. ఇప్పుడు కుడికాలు పొడుగైంది. కుడిది కోస్తే వెనకది లేచింది. వెనకది కోస్తే మళ్ళీ ఎడమది. మంచాన్ని ఇటు జరిపి ఒకసారి, అటు జరిపి ఒకసారి, మొదటి కోతతో కలిపి నాలుగు కాళ్ళనూ వరసగా ఐదు విడతలు కోశారు. హారన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

"అక్కా, ఇలాగే కోసుకుంటూ పోతే చివరికి చాప మిగులుతుంది!"

నర్సమ్మ ఇనప పొడి కడిగేద్దామని బకెట్టుతో నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు నాలుగు పక్కల నుంచీ బుద్ధిగా మూలన ఉన్న తూము వైపు నడిచాయి. నర్సమ్మ హారన్ వంక చూసింది. హారన్ నీళ్ళ వంక చూశాడు. కాన్పుల గది కదా, కడిగినప్పుడు నీళ్ళు నిలవకుండా నేలను తూము వైపు పల్లంగా కట్టారు. ఆవిడ మూడేళ్ళుగా రోజూ కడుగుతున్న నేల అది. మంచం ఎప్పుడూ కుంటలేదు. కుంటింది నేల.

అవ్వ నవ్వు మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ మంచం మీద పక్కకు వాలిపోయింది. ఊపిరి అందక లేచి కూర్చుని, కళ్ళు తుడుచుకుని కిందికి చూస్తే ఆవిడ పాదాలు రెండూ నేలకు ఆని ఉన్నాయి. ముగ్గురూ ఆ పాదాల వంక చూసి మళ్ళీ నవ్వారు. మంచం గోడ పక్కన ఆ ఒక్క చోట మాత్రమే కదలకుండా నిలబడింది కాబట్టి హారన్ నేల మీద నాలుగు కాళ్ళ చుట్టూ ఎర్ర రంగుతో సున్నాలు గీశాడు. దూలానికి తాడు కట్టారు. దాన్ని పరీక్షించే పని నర్సమ్మకే పడింది. ఆవిడ రెండు చేతులతో వేలాడింది, దూలం కిక్కురుమనలేదు. ఇక ఆ తాడుకు భయపడాల్సిన మనిషి ఆ కొండల్లో లేదు.

సాయంత్రం దర్జీగారు కొత్త పరుపు కుట్టడానికి కొలతలు తీసుకోవడానికి వచ్చి, మెడలోని టేపు తీస్తూ అంతా విన్నారు. "అవ్వ కాలి పొడుగు ముందే కొలిచి ఉంటే ఒక్క కోతతో పోయేది కదా?" అన్నారు నెమ్మదిగా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదని నర్సమ్మ ఇప్పటికీ చెబుతుంది.

రోజులు గడిచాయి. ఒకటిన్నర నెల దాటింది. అవ్వ ఆలోచిస్తూనే ఉంది. తనిఖీ మేడమ్ మాత్రం ఆలోచించకుండా వచ్చేసింది.

సన్నటి మనిషి, గంజి పెట్టిన చీర, గొలుసు కట్టిన కళ్ళద్దాలు. నవ్వడం ఎప్పుడో మానేసినట్టు మూతి. చేతిసంచిలోంచి సామాన్ల పుస్తకం, టేపు, దాంతోపాటు ఒక కొత్త తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టింది.

"కాన్పులు?"

"ఇంకా లేవు మేడమ్."

మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకుని కాన్పుల గదిలోకి నడిచింది. మంచం ముందు ఆగింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. వంగి, టేపు పెట్టి కొలిచింది.

"ఇనప మంచం ఒకటి, ఎత్తు ముప్పై అంగుళాలు అని ఉంది పుస్తకంలో. ఇది పదమూడు. మిగతా పదిహేడు అంగుళాలు ఏవీ?"

అంతలో హారన్ గోతంతో పరుగెత్తుకొచ్చి, ఒక కాలి తాలూకు ఐదు ముక్కలూ నేల మీద వరసగా పేర్చాడు. మేడమ్ వాటినీ కొలిచింది. పదహారు ముప్పావు వచ్చింది.

"పావంగుళం తక్కువ."

"అది రంపం తినేసింది మేడమ్," అన్నాడు హారన్ చేతులు కట్టుకుని.

మేడమ్ ముఖంలో ఏ మార్పూ లేదు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం అనే మాట ఆవిడ పెదవుల దాకా వచ్చింది. అది బయట పడేలోపే వాకిట్లో కేక వినిపించింది. అవ్వ వచ్చింది. ఒక చేత్తో చిన్న మనవరాలిని పట్టుకుంది, రెండో చెయ్యి మెడ నుంచి గుడ్డతో వేలాడుతోంది. పిల్ల గోడ పట్టుకుని నొప్పితో వంగిపోయింది.

"ఆలోచించాను," అంది అవ్వ నర్సమ్మతో. "వాగు దగ్గర జారి పడ్డాను, భుజం పట్టేసింది. దీని వీపుకు ఆనలేను. ఎవరున్నారు నీ దగ్గర?"

నర్సమ్మ ముందు ఉండాలి. హారన్ మగవాడు, అప్పటికే వాకిలి దాటి జీపు ఎక్కేశాడు. అవ్వ చూపు గది అంతా తిరిగి గంజిచీర మీద ఆగింది.

"ఏమ్మా, కళ్ళద్దాలమ్మా, చూస్తావేం? చెప్పులిప్పి మంచమెక్కు!"

"నేను తనిఖీకి వచ్చాను," అంది మేడమ్.

"దగ్గర కూర్చుంటే ఇంకా బాగా కనిపిస్తుంది," అంది అవ్వ.

ఆ మేడమ్‌ను అంతకుముందు అలా ఎవరూ ఆజ్ఞాపించి ఉండరు. ఆవిడ చెప్పులు విప్పింది, చేతులు కడుక్కుంది, మంచం మీద గోడకు ఆని కూర్చుంది. పిల్ల ఆవిడ ఒళ్ళో వీపు వాల్చి, పాదాలు నేలకు తన్నిపెట్టి, తాడు పట్టుకుంది.

రెండు గంటలు పట్టింది. నొప్పికీ నొప్పికీ మధ్య నర్సమ్మ కొండ భాషలో ధైర్యం చెప్పింది. ఆ భాష విని పిల్ల అంత బాధలోనూ పకపకా నవ్వింది. మేడమ్‌కు ముక్క అర్థం కాలేదు. అయినా ఒళ్ళో మనిషి నవ్వితే వీపులోంచి ఆ కుదుపు తనకూ తగిలి, మూతి బిగించినా ఆగక, ఆవిడా కిసుక్కుమంది. కళ్ళద్దాలు జారి గొలుసుకు వేలాడాయి. గంజి ఎటు పోయిందో తెలియదు. "తొయ్యి తల్లీ, తొయ్యి!" అని ఆఖరికి అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడే.

పుట్టింది ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. గదిలో నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నర్సమ్మ పొడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, వీపు రుద్ది, మరో పొడిగుడ్డలో వేసి, చిన్న ముక్కూ నోరూ కప్పేలా ఊపిరి ఊదే గాలిబుడ్డి పెట్టి మెల్లగా నొక్కింది. ఒకటి, రెండు, మూడు. అన్నేసి కిలోల మనిషి వేళ్ళు అంత సుతారంగా కదులుతాయని ఎవరనుకుంటారు? పసిగుడ్డు ముఖం చిట్లించింది. తర్వాత కేంద్రం పైకప్పు ఎగిరిపోయేలా కేకపెట్టింది. వాకిట్లోంచి హారన్ "పేం పేం పేం" అని జవాబిచ్చాడు.

నర్సమ్మ బిడ్డను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి టోపీ తొడిగింది. ఆ వెంటనే చల్లపెట్టె తెరిచి, తల్లి తొడకు సూది వేసింది. మాయ పడింది. అవ్వ అప్పటిదాకా బిడ్డ వంక చూడనే లేదు. ఆవిడ చూపంతా కింద పరిచిన గుడ్డ మీదే ఉంది. గుడ్డ కొంత తడిసింది. నర్సమ్మ తల్లి పొట్ట మీద చెయ్యి వేసి నిమిరింది. తడి అక్కడే ఆగిపోయింది. అవ్వ ఇంకాసేపు చూసింది. అది ఆగే ఉంది.

ఆవిడ ఖాళీ సూదిని వేళ్ళతో తాకకుండా చూపించింది. "ఇంతేనా? ఇంత చిన్నదా?"

"ఇంతే అవ్వా."

"పెద్దదానికి కూడా ఇదేనా నువ్వు తెచ్చింది?"

"ఇదే."

అవ్వ నేల మీద కూలబడి, పెద్ద మనవరాలిని తలుచుకుని భోరుమంది. నర్సమ్మ కూడా పక్కనే కూలబడింది. కాసేపటికి అవ్వ తల ఎత్తి బిడ్డను చూసింది. టోపీ ఆ బుజ్జి ముఖాన్ని సగం మింగేసి ఉంది. ఏడుపు మధ్యలోనే అవ్వకు నవ్వొచ్చింది. "ఇదేం టోపీ! దీని మొగుడికి కుట్టాడా మీ ఆయన?" అంది. ఇక ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. మంచం మీంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఎవరైనా నన్ను లేపుతారా? రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి."

మేడమ్‌ను నర్సమ్మ చంకల కింద చేతులేసి పసిపిల్లలా ఎత్తి నిలబెట్టింది. ఆవిడ కుంటుకుంటూ ముందు గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచింది. "నేను అబద్ధాలు రాయను," అంది కలం తీస్తూ. మేడమ్ రాసినదాన్ని పైకి చదివింది. "కాన్పులు, ఒకటి. తల్లీబిడ్డా క్షేమం. మంచం, ఒకటి. ఎత్తు, పదమూడు అంగుళాలు. సరిపోయింది." తాళంకప్పను మళ్ళీ సంచిలో వేసుకుని, జీపెక్కి, మొదటి మలుపులో హారన్ కంటే ముందు తానే తల బయట పెట్టి "పేం" అంది. ఈ సంగతి హారన్ ఒట్టేసి చెబుతాడు.

ఆ నెల ముగ్గురు వచ్చారు, పై నెల ఏడుగురు. ఆ తర్వాత లెక్క నర్సమ్మకే గుర్తులేదు. ఆరు ఊళ్ళల్లో ఆవిడను చూసి నవ్వే పిల్లల్లో సగం మంది ఆ తాడు కింద పుట్టినవాళ్ళే. అవ్వకు గోడ పక్కన ఒక పీట వేశారు, ఆవిడ లేనిదే తలుపు వేసేవారు కాదు. వీపు ఆనించడానికి ఎవరినీ వెతుక్కోవాల్సిన పని లేకుండా అత్తలు, అక్కలు, పక్కింటివాళ్ళు వంతులు వేసుకునేవారు.

నాలుగేళ్ళ తర్వాత కింది నుంచి లారీ వచ్చింది. చుట్టుపక్కల కొండల్లోని కేంద్రాలన్నిటికీ కొత్త కాన్పు మంచాలు, ఇరవై రెండు. మేడమ్ ముఖంలో మార్పు లేకుండానే పట్టుబట్టి చేయించింది. ప్రతి మంచానికీ తాడు, ప్రతి పెట్టె మీదా ముద్రించిన అక్షరాలు: ఎత్తు పదమూడు అంగుళాలు. లారీతో వచ్చిన ఇంజనీరు నర్సమ్మను పక్కకు పిలిచాడు.

"పన్నెండు కాదు, పధ్నాలుగు కాదు, ఈ పదమూడు ఎక్కడి కొలతమ్మా? ఏ పుస్తకంలోనూ దొరకలేదు నాకు."

అప్పటికి అవ్వ నడుము పూర్తిగా వంగిపోయింది. నర్సమ్మ ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తి తెచ్చి, లారీ పక్కన దించిన మొదటి మంచం మీద కూర్చోబెట్టింది. నాలుగేళ్ళ ముని మనవరాలు పక్కనే ఎగిరి కూర్చుని కాళ్ళు గాల్లో ఊపింది. అవ్వ మాత్రం ఊపలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాగి, ఇంజనీరుకు కనిపించేలా రెండు పాదాలూ నేలకు ఆనించి చూపించింది.